నెల సరుకుల చీటీలో దాగిన కేలరీలు

ఈమధ్య ఒక శనివారం మధ్యాహ్నం ఖాళీ కంచాన్ని తూకం మీద పెట్టి సున్నా నొక్కాను. కేకులు చేస్తానని మా అబ్బాయి ముచ్చటపడితే కొన్న చిన్న ఎలక్ట్రానిక్ తూకం అది. రెండు కేకులకే వాడి సరదా తీరిపోయింది, తూకం మాత్రం మిగిలింది. అమ్మ వడ్డించబోతూ ఆగి, "అన్నం తూచుకు తినే రోజులొచ్చాయిరా నాయనా" అంది. కోపంగా కాదు, జాలిగా.

పప్పులోకి వేసుకున్న అన్నం 150 గ్రాములు తూగింది. చారులోకి 120. చివర పెరుగులోకి 130. మొత్తం 400 గ్రాములు. అదేమీ విందు భోజనం కాదు. "ఇవాళ కాస్త తగ్గించే తిన్నాను" అనుకుంటూ చెయ్యి కడుక్కునే మామూలు రోజు.

ఉడికిన తెల్లన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. అంటే నా మూడు వడ్డనలకు 520. వండకముందు ఆ బియ్యం 145 గ్రాముల దాకా ఉంటుంది. రైస్ కుక్కర్‌తో పాటు ఇచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, దాంట్లో 150 గ్రాముల బియ్యం పడతాయి. అంటే ఒక పూటకి నేనొక్కణ్నే దాదాపు కప్పు బియ్యం తింటున్నానన్నమాట. కుక్కర్‌లో నాలుగు కప్పులు పోసే ఇంట్లో ఇది వింతేమీ కాదు గానీ, అంకెగా కంచం పక్కన నిలబడితే వేరుగా ఉంటుంది.

మిగతావి కూడా రాసుకున్నాను. నలుగురికీ 100 గ్రాముల కందిపప్పు ఉడకేశారు కాబట్టి నా వాటా 25 గ్రాములు: 83 కేలరీలు. పప్పు తాలింపులో నా వంతు నూనె 5 గ్రాములు: 45. దొండకాయ వేపుడులో కాయలవి 25 కేలరీలు, నూనెది 135. పప్పన్నంలో చెంచా నెయ్యి 45. ఆవకాయ ముక్కకంటుకుని వచ్చిన నూనె మరో 45. వేయించిన అప్పడం 60. కప్పు పెరుగు, 150 గ్రాములు, 90. చారు లెక్కలోకి రాదు. మొత్తం వేసుకుంటే 1050కి అటూ ఇటూగా తేలింది.

ఈ లెక్కకు పెద్ద చదువులక్కర్లేదు. కిలో నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి పట్టే వేడిని శాస్త్రం కిలోకేలరీ అంటుంది, మనం వాడుకలో కేలరీ అంటాం. పిండిపదార్థం గ్రాముకు 4, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో విల్బర్ ఆట్వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చిన ఈ మూడంకెలే ఇప్పటికీ ప్రపంచమంతా నడుస్తున్నాయి. ఏ పదార్థంలో ఏది ఎంతుందో చెప్పే పట్టికలైతే మన హైదరాబాద్‌లోనే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనే తయారయ్యాయి. 2017లో వెలువడిన కొత్త పట్టికల్లో దేశం నలుమూలల నుంచి తెచ్చి పరీక్షించిన 528 ఆహార పదార్థాలున్నాయి. ఒక చిన్న చిక్కేమిటంటే అందులో శక్తిని కిలోజౌళ్లలో అచ్చేశారు. 4.184తో భాగిస్తే మన కేలరీలొస్తాయి. నేను మొదటిసారి భాగించకుండానే చదివి, బియ్యం 1491 అని చూసి గుండె పట్టుకున్నాను. నిజానికది 356.

మళ్లీ కంచం దగ్గరికొస్తే, నన్ను కంగారుపెట్టింది అన్నం కాదు. తాలింపు, వేపుడు, నెయ్యి, ఆవకాయ, అప్పడం... వీటిలోని కొవ్వంతా కలిపితే 33 గ్రాములు. కంచంలో ఎక్కడా నూనె కారుతూ కనిపించలేదు. కానీ ఆ 33 గ్రాములే 300 కేలరీలు, భోజనంలో మూడో వంతుకు కాస్త తక్కువ. ఇదే పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో 2000 కేలరీల కంచానికి రోజు మొత్తం మీద చెప్పిన నూనె, నెయ్యి 27 గ్రాములు. నేను ఒంటిగంటకే ఆ గీత దాటేశాను. ఇడ్లీలో నెయ్యి, రాత్రి చపాతీ మీద నూనె ఇంకా లెక్కలోకే రాలేదు.

ఆ వేపుడు నా చేతి వంటే కాబట్టి నింద ఇంకెవరి మీదా వెయ్యలేను. నూనె సీసాను మూకుడు దగ్గరికి తీసుకెళ్లే ముందు తూచాను, వంటయ్యాక మళ్లీ తూచాను. 62 గ్రాములు తగ్గింది. పెద్ద చెంచాలతో అయితే నాలుగున్నర. నన్నెవరైనా అడిగితే "రెండు చెంచాలేశానండీ" అని ప్రమాణపూర్తిగా చెప్పి ఉండేవాణ్ని. మన వంటింట్లో ఇదొక విచిత్రం. బియ్యానికి గిద్దె, సోల, తవ్వ అని తరతరాల కొలతలున్నాయి. పాలకు గ్లాసుంది. ఉప్పుకు నాలుకుంది. నూనెకు మాత్రం చేతివాటమే కొలత. పూర్వం గానుగ నూనె ఖరీదు, అది అరుదుగా దొరకడం, చిన్న గిన్నెలో గరిటె ముంచి వెయ్యడం వల్ల చేతివాటానికి అదుపుండేది. అయిదు లీటర్ల డబ్బాకు ఆ అదుపు లేదు.

నెయ్యి సంగతి ఇక్కడే చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా రక్తపరీక్షలో కొవ్వు ఎక్కువ చూపించిందంటే మొదట శిక్షపడేది పప్పన్నంలో నెయ్యికే. నా కంచంలో నెయ్యి 45 కేలరీలు, వేపుడు నూనె 135. నెయ్యి మానేశామన్న తృప్తితో వేపుడు రెండోసారి వడ్డించుకునే వాళ్లను చాలామందిని చూశాను. అందులో నేనూ ఉన్నాను.

ఒక పూట కంచం అబద్ధం చెప్పొచ్చు. తూకం ఎదురుగా ఉంటే ఎవరైనా బుద్ధిగా తింటారు. అందుకే ఇంకో దారి పట్టాను. కిరాణా కొట్టు నుంచి వచ్చే నెల సరుకుల చీటీ తీశాను. మేం నలుగురం, నెలకు 30 రోజులు. చీటీలోని ప్రతి సరుకునూ 120తో భాగిస్తే మనిషికి రోజుకు ఎంతో తెలిసిపోతుంది. తూకం అక్కర్లేదు, మొహమాటం అక్కర్లేదు. ఈ పద్ధతి మీ ఇంట్లోనూ పదినిమిషాల పని.

బియ్యం 25 కిలోల బస్తా: మనిషికి రోజుకు 208 గ్రాములు, సుమారు 730 కేలరీలు. గోధుమపిండి, ఇడ్లీరవ్వ, ఉప్మారవ్వ కలిపి 6 కిలోలు: 50 గ్రాములు, 175 కేలరీలు. కందిపప్పు 3 కిలోలు, మినప్పప్పు 2 కిలోలు: రెండూ కలిసి 42 గ్రాములు, దాదాపు 140 కేలరీలు. నూనె 5 లీటర్లు: లీటరు నూనె కిలో కన్నా కాస్త తక్కువ తూగుతుంది, ఆ తేడా తీసేసినా 38 గ్రాములు, 340 కేలరీలు. నెయ్యి కిలో: 8 గ్రాములు, 75 కేలరీలు. పంచదార 3 కిలోలు: 25 గ్రాములు, 100 కేలరీలు. పల్లీలు కిలో: 45 కేలరీలు. రోజుకు లీటరున్నర పాలు, కాఫీకి, తోడుకు కలిపి: తలా 375 మిల్లీలీటర్లు, 225 కేలరీలు. కూరగాయలు, పళ్లు 150 అనుకున్నాను. కూడితే 1980. ఆదివారం కోడికూర, గుడ్లు ఇందులో కలపలేదు. బయట తిన్న ఒక్క సమోసా కూడా కలపలేదు.

ఇప్పుడు దీన్ని పోషకాహార సంస్థ చెప్పిన 2000 కేలరీల కంచం పక్కన పెడితే మా ఇంటి జాతకం బయటపడింది. వాళ్లు చెప్పిన తృణధాన్యాలు 250 గ్రాములు, మావి 258. నిజం చెప్పొద్దూ, నాకు ఆశ్చర్యమేసింది. ఇన్నాళ్లూ అన్నాన్నే దోషిగా నిలబెట్టాను, అది దాదాపు గీత మీదే నిలబడి ఉంది. పప్పులు 85 గ్రాములుండాలి, మావి 42, సరిగ్గా సగం. నూనె, నెయ్యి 27 ఉండాలి, మావి 46. పల్లీలు, నువ్వుల్లాంటి గింజలు 35 ఉండాలి, మావి 8. కూరగాయలు రోజుకు 400 గ్రాములట, ఆ అంకె చదివి మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. పంచదార ఒక్కటీ 25 గ్రాముల పరిమితి అంచున ఉంది. బెల్లానికి మారితే ఆ బరువు దిగిపోతుందనుకోవద్దు. గ్రాముకు కేలరీల్లో బెల్లం పంచదారకు దగ్గర చుట్టమే.

మరి 258 గ్రాముల ధాన్యం సరైనదేనా అంటే, 2000 కేలరీలు ఖర్చుపెట్టే ఒంటికి సరైనదే. చిక్కంతా అక్కడే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం కుర్చీలో కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజుకు 2110 కేలరీలు చాలు. అదే పనిచేసే 55 కిలోల ఆడమనిషికి 1660. పొలంలో ఒళ్లు వంచి కష్టపడేవాళ్లకైతే మగవాడికి 3470, ఆడమనిషికి 2720. అంటే మా తాతకూ నాకూ మధ్య 1360 కేలరీల తేడా ఉంది. పైన చెప్పిన నా శనివారం భోజనం మొత్తం దాంట్లో పట్టేసి ఇంకా 300 మిగులుతుంది. ఆయన పొద్దున్నే చద్దన్నం తిని అరక దున్ని, మధ్యాహ్నం మళ్లీ కుంభం లాగించేవాడు. కంచం సైజు వారసత్వంగా వచ్చింది, అరక రాలేదు. మా ఇంట్లో అయితే నాకూ మా ఆవిడకూ వడ్డన దాదాపు సమానం. అవసరంలో మాత్రం 450 కేలరీల తేడా ఉంది. ఎదిగే వయసు మా అబ్బాయిది, వాడి లెక్క వేరు. అమ్మకు మా అందరికన్నా తక్కువ చాలు. ఇంటి చీటీ అందరినీ ఒక్క గాటన కట్టేస్తుంది.

నడిచి కరిగించేద్దాం అనేవాళ్లకు ఒక మాట. నా బరువు మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 120 నుంచి 150 కేలరీలు. సాయంత్రం బండి దగ్గర మిరపకాయ బజ్జీ ఒకటి తింటే, 20 గ్రాముల శనగపిండి, పీల్చుకున్న ఆరేడు గ్రాముల నూనె కలిపి 130 అని నా అంచనా. ఒక్క బజ్జీ తిని చాలనుకుని లేచిన తెలుగువాణ్ని నేనింతవరకు చూడలేదు.

పొద్దుటి పలహారాల్లోనూ ఇలాంటి తికమకే. మూడు ఇడ్లీలు 150, 160 కేలరీలు దాటవు. పక్కన పల్లీ చట్నీ ధారాళంగా వేసుకుంటే అందులో 25 గ్రాముల పల్లీలుంటాయి, వాటివి 135. తాలింపు కలిపితే ఇడ్లీలూ చట్నీ సమానం. అయితే ఇక్కడ చట్నీని తిట్టను. ఆ పల్లీల్లో 6 గ్రాముల మాంసకృత్తులున్నాయి, గింజల వాటా మా ఇంట్లో నాలుగో వంతు కూడా లేదని ఇందాకే తేలింది. పెసరట్టు ఇంకా నయం. 50 గ్రాముల పెసలతో పోసిన అట్టులో 11 గ్రాముల మాంసకృత్తులు, చెంచా నూనెతో కలిపి 200 కేలరీలు. అందులో ఉప్మా పెట్టి ఎమ్మెల్యే పెసరట్టు చేస్తే మాత్రం రవ్వ, రవ్వ వేయించిన నూనె, జీడిపప్పు అన్నీ ఎక్కుతాయి. పదవి వచ్చాక బరువు పెరగడం సహజమే.

మాంసకృత్తుల అంకె కూడా చెప్పి ముందుకెళ్తాను. నా శనివారం భోజనంలో అవి 25 గ్రాములు. 65 కిలోల మనిషికి రోజుకు 54 కావాలి. వినడానికి సగం వచ్చేసినట్టే ఉంది గానీ, ఆ 25లో 11 గ్రాములు బియ్యానివే. పప్పుది అయిదున్నర. పప్పన్నం అని పేరు, దాంట్లో పప్పు అతిథి.

ఇక చిరుధాన్యాలు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మా కాలనీలో అన్నం మానేసి జొన్నరొట్టె, రాగిసంకటి మొదలుపెట్టిన వాళ్లు చాలామందే ఉన్నారు. మంచిదే. కానీ వాళ్లలో సగం మంది "వీటిల్లో కేలరీలుండవండీ" అంటారు. 100 గ్రాముల బియ్యంలో 356, జొన్నల్లో 334, రాగుల్లో 321, సజ్జల్లో 348. తేడా పట్టుమని పది శాతం లేదు. అసలు తేడా ఇంకోచోట ఉంది. పీచు బియ్యంలో 3 గ్రాముల లోపు, జొన్నల్లో 10, రాగుల్లో 11. కాల్షియం బియ్యంలో 7 మిల్లీగ్రాములు, రాగుల్లో 364. జొన్నరొట్టె రెండు తినేసరికి దవడలు నొప్పెట్టి, కడుపు నిండి, మూడోదాని మీదికి చెయ్యి పోదు. దాని గొప్ప అదీ. తెలంగాణ సోనా బియ్యం గురించి చెప్పేదీ ఇదే. దాని గ్లైసెమిక్ సూచీ తక్కువ, అంటే రక్తంలో చక్కెర మెల్లగా పెరుగుతుంది. కేలరీలు మాత్రం మిగతా బియ్యంలానే ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లకు పనికొస్తుందని రెండింతలు తింటే మొదటికే మోసం. రాత్రి మిగిలి చల్లారిన అన్నంలో కొంత పిండి అరగని పిండిగా మారే మాట నిజమే గానీ, చద్దన్నం కేలరీలను మాయం చెయ్యదు. దాంట్లోకి పడే నీళ్లు, పెరుగు, ఉల్లిపాయ కడుపు నింపి ముద్దలు తగ్గిస్తాయి.

జొన్న, కొర్ర, రాగి మన కంచంలోంచి ఎలా పోయాయో తెలియని వాళ్లు లేరు. కాలువల కింద వరి పెరిగింది, 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చింది, జొన్నగటక తినే ఊళ్లలోనూ వరన్నం పండగ తిండి నుంచి రోజువారీ తిండి అయింది. ఆకలి తీర్చిన పథకాన్ని తప్పుపట్టే అర్హత కడుపునిండిన నాకు లేదు. కానీ కడుపు నిండటం, ఒంటికి కావాల్సినవి అందటం ఒకటి కాదని మన ప్రాంతానికి అంతకు చాలా ముందే తెలిసొచ్చింది. తార్నాకలోని ఆ సంస్థ మొదట పుట్టింది ఇక్కడ కాదు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం ఒక్క గది ప్రయోగశాలగా మొదలుపెట్టాడు. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఆ బెరిబెరికి పేరుమోసిన చోటు ఆనాటి ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలే. ఉప్పుడు బియ్యం కాకుండా తెల్లగా మరపట్టించిన పచ్చి బియ్యం తినడం, తవుడుతో పాటు బి1 విటమిన్ పోవడం, మిగిలింది కడుగు నీళ్లలోనూ వార్చిన గంజిలోనూ పోవడం. ఆ కంచాల్లో కేలరీలకు లోటుండకపోవచ్చు, కాళ్లు మాత్రం చచ్చుబడ్డాయి.

ఆ వ్యాధి ఇప్పుడు ఆ స్థాయిలో లేదు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువున్న వాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. అదే వయసు ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో, బరువు ఎక్కువ, రక్తం తక్కువ. నూనె పెరిగి పప్పు, ఆకుకూర తగ్గిన మా చీటీ లాంటివే ఎన్ని ఇళ్లలో ఉన్నాయో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఊహకందుతుంది. కేలరీల లెక్క ఒక్కటే చూసుకుంటే రెండో అంకె ఎప్పటికీ కనపడదు.

నెల మొదట్లో చీటీ మళ్లీ రాశాం. నలుగురికి రోజుకు 27 గ్రాముల చొప్పున కొవ్వంటే నెలకు 3 కిలోల 240 గ్రాములు. నెయ్యి అరకిలో ఉంచమని అమ్మ పట్టుబట్టింది, కాబట్టి నూనె 3 లీటర్లు. పప్పులు 85 గ్రాముల చొప్పున అయితే 10 కిలోలు కావాలి. అంత ఖర్చూ పెట్టలేం, అంత తినలేం కూడా. కంది 4, మినప 2, పెసలు 1, మొత్తం 7 దగ్గర ఆగాం. పల్లీలు 2 కిలోలు. బియ్యం 20. దొండకాయలు ఇప్పుడు ఉప్పు చల్లి మూతపెట్టి మగ్గించాక, చివర్లో 25 గ్రాముల నూనెతో వేయిస్తున్నాను. కరకర తగ్గింది, ఒప్పుకుంటాను. "కూర బాగుంది, వేపుడెక్కడ?" అని అమ్మ మొదటి రోజే అడిగింది.

చీటీ తీసుకెళ్లి ఇస్తే కొట్టు ఆయన కళ్లజోడు పైకి తోసి ఒకటికి రెండుసార్లు చదివాడు. పెన్నుతో నూనె దగ్గర గీత గీసి, "అయిదు లీటర్ల డబ్బా కదండీ మీది? ఎవరైనా ఊరెళ్తున్నారా ఈ నెల?" అన్నాడు.